పక్కవాద్యం ఎవరు?

'ఉండి తీరాల్సిన జాజ్ ఆల్బమ్‌లు' అంటూ ఏ పత్రిక జాబితా వేసినా మొదటి పది పేర్లు దాదాపు అవే ఉంటాయి. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్', డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్'... జాజ్ మీద మోజున్నవారి అలమారలో ఇవి ఎలాగూ ఉంటాయి. వాటి గొప్పదనం గురించి పేచీ లేదు. పేచీ అల్లా జాబితాతోనే. అందులో పది రికార్డులూ ఒకదానితో ఒకటి సంబంధం లేని పది శిఖరాల్లా నిలబడతాయి. వాటిని కొనేశాక పదకొండోది ఏది కొనాలో జాబితా చెప్పదు. మరో జాబితా వెతుక్కోవాల్సిందే.

అంతకన్నా మంచి దారి ఒకటుంది. కర్ణాటక సంగీత కచేరీలకు వెళ్లే పాత రసికులకు అది అలవాటే. పాడేది ఎవరో తెలియగానే వారు వేసే రెండో ప్రశ్న, పక్కవాద్యం ఎవరని. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నదాన్ని బట్టి ఆ సాయంత్రం కచేరీ ఎలా నడుస్తుందో సగం ఊహించేస్తారు. జాజ్‌లోనూ అసలు ప్రశ్న అదే. కాగితం మీద రాసి తెచ్చుకునేది కాస్తే. మిగతాదంతా ఆ గదిలో ఉన్నవారు ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు కల్పించేది. గదిలో మనిషి మారితే పాటే మారిపోతుంది. ఎల్పీల కాలంలో ఆ మనుషుల పేర్లన్నీ అట్ట వెనక అచ్చయ్యేవి. సీడీలో చిన్న పుస్తకం ఉండేది. ఫోన్లో పాట వినే ఈ రోజుల్లో అట్ట ముందు భాగం తపాలా బిళ్లంత మిగిలింది, వెనక వైపు పోయింది. పేర్లు ఉన్నచోట కూడా రెండు మెట్లు లోపలికి దిగి వెతుక్కోవాలి. ఎవరు వాయిస్తున్నారో తెలియని జాజ్ కాఫీ షాపులో కప్పుల చప్పుడు వెనక మోగడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

కాబట్టి ఇంకో జాబితా బదులు, ఒక్క రికార్డు తీసుకుని దాని వెనక అట్ట మీది పేర్లు పట్టుకుని నడిస్తే మేలు. ఆ ఒక్కటి 'కైండ్ ఆఫ్ బ్లూ' అయినా ఫర్వాలేదు. అందరి దగ్గరా ఉన్నది అదే కదా.

1959 మార్చి 2న, మళ్లీ ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో కొలంబియా సంస్థవారి 30వ వీధి స్టూడియోలో ఆ రికార్డింగ్ జరిగింది. ఆ భవనం అంతకు ముందు చర్చి. ట్రంపెట్ డేవిస్‌ది. ఆల్టో శాక్సోఫోన్ కానన్‌బాల్ ఆడర్లీ, టెనర్ శాక్సోఫోన్ కోల్‌ట్రేన్, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. పియానో బిల్ ఎవాన్స్. 'ఫ్రెడీ ఫ్రీలోడర్' అనే ఒక్క పాటకు మాత్రం వింటన్ కెల్లీ. అప్పటి జాజ్‌లో కార్డ్‌లనే స్వరగుచ్ఛాలు గబగబా మారిపోతుంటే వాయించేవారు వాటి వెంట పరుగెత్తాల్సి వచ్చేది. డేవిస్ ఆ పరుగు ఆపించారు. 'సో వాట్'లో 32 బార్ల ఆవృత్తం మొత్తానికి రెండే స్వరశ్రేణులు. మొదటి దాంట్లోనే 16 బార్లు నిలబడాలి. ఆ శ్రేణిని పాశ్చాత్యులు డోరియన్ అంటారు. స్వరస్థానాల లెక్కన చూస్తే అది ఖరహరప్రియే. గమకం లేదు కాబట్టి దాన్ని రాగం అనలేం గానీ, ఉన్న స్వరాల మధ్యే తొందర లేకుండా తిరిగే ఆ నడక ఆలాపన విన్న చెవికి ఇట్టే పట్టుబడుతుంది.

కొనేవారు ఒక సంగతి చూసుకోవాలి. మార్చి 2న వాడిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో వినిపించేసరికి ఎల్పీ మొదటి వైపున్న మూడు పాటలూ అసలు కన్నా కొంచెం హెచ్చు శ్రుతిలో వచ్చాయి. మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచం విన్నదీ, దాంతో పాటు వాయించి నేర్చుకున్నదీ ఆ తప్పు శ్రుతిలోనే. 1990ల్లో వేరే టేపు నుంచి సరిచేశారు. 1997 నాటి ముద్రణలోగానీ, దాని ఆధారంగా వచ్చిన వాటిలోగానీ శ్రుతి సరిగా ఉంటుంది.

ఇక పేర్లు. ముందుగా బిల్ ఎవాన్స్. రికార్డు మీద పాటలన్నీ డేవిస్ రచనలనే అచ్చయింది. 'బ్లూ ఇన్ గ్రీన్' తనదని ఎవాన్స్ తర్వాత చెప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో తన సొంత బృందంతో 'పోర్ట్రెయిట్ ఇన్ జాజ్' రికార్డు చేసినప్పుడు ఆ పాట మీద ఇద్దరి పేర్లూ వేసుకున్నారు. రెండూ పక్కపక్కన విన్నవారికి తీర్పు చెప్పడం కష్టమేమీ కాదు. కానీ ఎవాన్స్ నుంచి ఒక్కటే కొనాలంటే 1961 జూన్ 25, ఆదివారం నాటి రికార్డింగ్ కొనాలి. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వాయించిందంతా టేపుకెక్కింది. 'సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్', 'వాల్ట్జ్ ఫర్ డెబీ' అనే రెండు ఎల్పీలు అందులోంచి వచ్చినవే. గ్లాసుల గలగల, ఎవరివో నవ్వులు కూడా వినిపిస్తాయి. శ్రద్ధగా వినాల్సింది మాత్రం బేస్. స్కాట్ లఫారో అనే 25 ఏళ్ల కుర్రాడు పియానో వెనక తాళం కొట్టే పని మానేసి, పియానోతో సరిసమానంగా మాట కలుపుతాడు. డ్రమ్స్ మీద పాల్ మోషియన్ ఆ ఇద్దరినీ చెరిసగం నవ్విస్తూ, చెరిసగం గిల్లుతూ ఉంటారు. పదకొండు రోజులకు, జూలై 6న లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఎవాన్స్ కొన్ని నెలలు పియానో కచేరీలే మానుకున్నారు.

ఆడర్లీ పేరు పట్టుకుంటే 1958 మార్చిలో బ్లూనోట్ సంస్థకు చేసిన 'సమ్‌థింగ్ ఎల్స్' వస్తుంది. ఇక్కడ నాయకుడు ఆడర్లీ, పక్కవాద్యం డేవిస్! పెద్ద విద్వాంసుడు చిన్నవాడి కచేరీలో పక్కన కూర్చోవడం లాంటిది. కెల్లీ, చేంబర్స్, కాబ్ ముగ్గురూ కలిసి గిటార్ వాద్యకారుడు వెస్ మాంట్‌గోమరీ పక్కన వాయించిన 'స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్' 1965 నాటిది. పేరులో క్లబ్బు ఉంది గానీ పాత ఎల్పీలో మొదటి రెండు పాటలే ఆ క్లబ్బులోవి. మిగతావి స్టూడియోలో చేసినవి. తేడా వెంటనే తెలిసిపోతుంది. ఆ రెండు పాటల కోసమే కొనవచ్చు.

కోల్‌ట్రేన్ సంగతి వేరు. ఆయన పేరు ఒక్కటే పట్టుకుని ఒక అలమార నింపవచ్చు. 'కైండ్ ఆఫ్ బ్లూ' రెండో విడత రికార్డింగ్ అయిన 13 రోజులకు, అంటే 1959 మే 5న, ఆయన అట్లాంటిక్ సంస్థ కోసం 'జయంట్ స్టెప్స్' చేశారు. డేవిస్ ఆపించిన పరుగుకు పూర్తిగా ఎదురుదారి ఇది. 16 బార్లలో ఆధార శ్రుతి మూడు చోట్లకు గెంతుతూ ఉంటుంది, అదీ ఊపిరి సలపని వేగంతో. ఈ లెక్కను కోల్‌ట్రేన్ నెలల తరబడి సాధన చేసి వచ్చారు. పియానో ముందున్న టామీ ఫ్లానగన్ చేయలేదు. ఆయన వంతు వచ్చేసరికి చేతులు తడబడతాయి. ముక్కలు ముక్కలుగా నాలుగు స్వరాలు వేసి, చివరికి కార్డ్‌లు మాత్రం నొక్కుతూ ఊరుకుంటారు. జాజ్ చరిత్రలో అంత పేరున్న తడబాటు మరొకటి లేదు. దాన్ని కత్తిరించి పారేయకుండా అచ్చు వేయడంలోనే ఈ సంగీతం స్వభావం ఉంది. ఫ్లానగన్ 1982లో కోల్‌ట్రేన్ స్మృతికి అంకితంగా అదే పేరుతో సొంత ఆల్బమ్ చేసి, అదే పాటను నింపాదిగా, ఒక్క స్వరం జారకుండా వాయించారు. రెండూ కొని ఒకదాని తర్వాత ఒకటి వినడం గొప్ప అనుభవం.

'జయంట్ స్టెప్స్' అట్ట తిప్పితే బేస్ దగ్గర మళ్లీ పాల్ చేంబర్సే. 'మిస్టర్ పీసీ' అన్న పాట ఆయన పేరు మీదిదే. 'నైమా' అనే నెమ్మదైన పాటకు పియానో కెల్లీ, డ్రమ్స్ కాబ్. అంటే 'ఫ్రెడీ ఫ్రీలోడర్'కు కూర్చున్న ముగ్గురే. ఎదురుదారి పట్టిన రికార్డులోనూ పాత మనుషులే ఉన్నారన్న మాట.

అక్కడి నుంచి ముందుకు వెళితే 1964 డిసెంబరు 9న ఒకే రోజు కూర్చుని చేసిన 'ఎ లవ్ సుప్రీమ్'. ఉన్నవారు దాన్ని మళ్లీ వింటే చాలు, కొత్తగా చెప్పాల్సింది తక్కువ. చివరి భాగంలో కోల్‌ట్రేన్ తాను రాసుకున్న ప్రార్థనా గీతాన్ని మాట మాటకూ శాక్సోఫోన్ మీద పలికించారని తెలిసి వింటే మాత్రం అది వేరుగా వినిపిస్తుంది. కృతి సాహిత్యాన్ని వీణ మీద పలికించే సంప్రదాయం ఎరిగినవారికి ఇది వింత కాదు.

వెనక్కి వెళితే అంతకన్నా ఆసక్తికరం. 1957లో మాదకద్రవ్యాల అలవాటు వల్ల డేవిస్ బృందంలో చోటు పోగొట్టుకున్న కోల్‌ట్రేన్ ఆ అలవాటు వదిలించుకుని, థెలోనియస్ మంక్ దగ్గర చేరారు. పియానో మీద మంక్ లెక్కలు ఎవరికీ అంతుపట్టేవి కావు. ఆయన పక్కన వాయించడమంటే చీకట్లో మెట్లు దిగడమే. ఆ నెలలే కోల్‌ట్రేన్‌ను కోల్‌ట్రేన్‌ను చేశాయని అందరూ చెప్పుకునేవారు గానీ వినడానికి స్టూడియోలో చేసిన మూడు పాటలు, ఇంటి టేపు మీదికెక్కిన నాసిరకం రికార్డింగ్ ఒకటి తప్ప ఏమీ మిగల్లేదు. 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాత టేపులను డిజిటల్‌లోకి మారుస్తుండగా ఒక పెట్టె బయటపడింది. 1957 నవంబరు 29న కార్నెగీ హాల్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోవారు తీసి పక్కన పడేసిన టేపు అది. అదే ఏడాది బ్లూనోట్ దాన్ని విడుదల చేసింది. 48 ఏళ్లు పెట్టెలో ఉన్నా నిన్న తీసినట్టు ఉంటుంది ధ్వని. మంక్ నుంచి ఒక్కటే అంటే అది. రెండోదానికి చోటుంటే 1957లో వచ్చిన 'బ్రిలియంట్ కార్నర్స్'. శీర్షిక పాటను 25 సార్లు ప్రయత్నించినా ఒక్కసారీ పూర్తిగా కుదరలేదు. చివరికి ముక్కలు అతికి అచ్చు వేశారు.

ఇంతవరకూ దారి నున్నగానే సాగింది. కానీ ఆ సంగీతం వెనకున్న కాలం నున్ననిది కాదు. 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 ఆగస్టు 17న విడుదలైంది. ఎనిమిది రోజులకు, కచేరీ విరామంలో బర్డ్‌లాండ్ క్లబ్బు బయట సిగరెట్ కాలుస్తూ నిల్చున్న డేవిస్‌ను అక్కణ్నుంచి పొమ్మన్న పోలీసులు, పోనందుకు తల పగిలేలా కొట్టి స్టేషన్‌కు ఈడ్చుకెళ్లారు. అప్పుడు క్లబ్బు బోర్డు మీదున్నది ఆయన పేరే. నల్లవాడు వాయించడానికి పనికొస్తాడు, వాకిట్లో నిలబడడానికి పనికిరాడన్నది నాటి న్యాయం. ప్రశాంతంగా మోగే ఆ ఆల్బమ్‌ను ధ్యానానికీ, నిద్రకూ వాడుకునేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది.

దీన్ని నేరుగా పలికిన రికార్డు చార్లెస్ మింగస్ 'మింగస్ ఆ అమ్'. కోల్‌ట్రేన్ 'జయంట్ స్టెప్స్' వాయించిన మే 5నే, అదే న్యూయార్క్‌లో దీని మొదటి విడత రికార్డింగ్ జరిగింది. 1957లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు తెల్లవారి స్కూల్లో అడుగుపెట్టకుండా గవర్నర్ ఆర్వల్ ఫోబస్ నేషనల్ గార్డ్ సైనికులను నిలబెట్టారు. మింగస్ ఆయనను గేలి చేస్తూ 'ఫేబుల్స్ ఆఫ్ ఫోబస్' కట్టారు. బఫూను నడకలా వంకరటింకరగా సాగే బాణీ అది. మాటలు చేర్చడానికి కొలంబియా ఒప్పుకోలేదని చెబుతారు. కొలంబియా రికార్డులో మాటలు లేవన్నది మాత్రం నిజం. మరుసటి ఏడాది కాండిడ్ అనే చిన్న సంస్థకు చేసిన 'చార్లెస్ మింగస్ ప్రెజెంట్స్ చార్లెస్ మింగస్'లో ఆయనా, డ్రమ్మర్ డానీ రిచ్‌మండ్ కలిసి ఫోబస్‌ను పేరు పెట్టి మరీ తిట్టిపోస్తారు. సేకరణలో రెండూ ఉండాలి. ఒకటే ఉంటే కథ సగమే. మరో మాట: 'ఆ అమ్' పాత ఎల్పీలో చాలా పాటలను చోటు చాలక కత్తిరించారు. కత్తిరింపులు తీసేసిన తర్వాతి సీడీయే నయం.

అదే ఆల్బమ్‌లో 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్' ఉంది. 1959 మార్చి 15న కన్నుమూసిన టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు వీడ్కోలు. ఆ టోపీ ఆయన గుర్తు. ఈ పేరు పట్టుకుని 1937కు వెళితే బిల్లీ హాలిడే ఎదురవుతారు. ఆమె పాడుతుంటే యంగ్ శాక్సోఫోన్ ఆమె గొంతు కిందుగా, అడ్డం రాకుండా, ఆమె వదిలిన ప్రతి ఖాళీలోనూ ఒక మాట అంటూ నడుస్తుంది. పక్కవాద్యం అంటే ఏమిటో తెలియాలంటే, అసలు ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఇంతకు మించిన పాఠం లేదు. టెడ్డీ విల్సన్ పియానోతో 1930ల ద్వితీయార్ధంలో వచ్చిన ఈ మూడు నిమిషాల పాటల సంకలనాలు చాలా ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదు. ఆమె చివరి రోజుల 'లేడీ ఇన్ శాటిన్' మాత్రం మోజు తీరాకే కొనాలి. వయొలిన్ల పరుపు మీద విరిగిన గొంతు. దాన్ని ఇష్టపడేవారు ప్రాణం పెడతారు, మిగతావారు రెండోసారి వినలేరు. 1957 డిసెంబరులో ఒక టీవీ కార్యక్రమంలో చాలాకాలానికి హాలిడే, యంగ్ ఒకే వేదిక మీద కనిపించారు. యంగ్ ఒక్క ఆవృత్తం వాయించి ఊరుకున్నారు. ఆమె ముఖం చూస్తే చాలు. ఆయన పోయిన నాలుగు నెలలకు ఆమె కూడా పోయారు.

మింగస్ కుర్రతనంలో కొన్నాళ్లు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంలో వాయించారు. ఆ దారిన 1925-28 నాటి 'హాట్ ఫైవ్', 'హాట్ సెవెన్' రికార్డుల దాకా వెళ్లాల్సిందే. గరగరలు ఉంటాయి, మొదటి పది నిమిషాలు ఓర్చుకోవాలి. 1928 నాటి 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఆరంభంలో ట్రంపెట్ ఒంటరిగా ఎక్కి దిగే కొద్ది సెకన్లలో ఆ తర్వాతి జాజ్ మొత్తం బీజప్రాయంగా ఉంది. తొలి రికార్డుల్లో పియానో లిల్ హార్డిన్. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య, పాటలు కట్టిన మనిషి. ఆమె పేరు కూడా వెనక అట్ట మీదే కనిపిస్తుంది.

మింగస్ నుంచే ఇంకో కొమ్మ. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ, బడ్ పవెల్, మాక్స్ రోచ్‌లతో కలిసి ఆయన వాయించిన కచేరీ రికార్డుగా వచ్చింది. ఒప్పందాల చిక్కు వల్ల పార్కర్ పేరు బదులు 'చార్లీ చాన్' అని వేశారు. ఆరోజు పార్కర్ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ శాక్సోఫోన్. అట్ట మీది పేర్లను కూడా గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇదొక సాక్ష్యం. అక్కడి డ్రమ్మర్ రోచ్ 1960లో చేసిన 'వీ ఇన్‌సిస్ట్' ఫోబస్ పాటకు తోబుట్టువు. అబీ లింకన్ అందులో మాటలు లేకుండా అరుస్తారు. సరదాగా వినే రికార్డు కాదు, కానీ అది లేని సేకరణలో ఏదో దాచిపెట్టినట్టు ఉంటుంది. 1962లో రోచ్, మింగస్ ఇద్దరూ డ్యూక్ ఎలింగ్టన్‌తో కూర్చుని 'మనీ జంగిల్' చేశారు. రికార్డింగ్ మధ్యలో మింగస్ అలిగి బేస్ సర్దుకుని బయటికి నడిస్తే ఎలింగ్టన్ బతిమాలి వెనక్కి తెచ్చారు. ఆ కోపం పాటల్లో వినిపిస్తుంది, అదే దాని అందం.

ఎలింగ్టన్ సొంత బృందానిది ఒక్కటే కావాలంటే 1956 న్యూపోర్ట్ ఉత్సవం కచేరీ. శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ 27 ఆవృత్తాలు ఆపకుండా వాయించి జనాన్ని లేచి ఆడేలా చేసిన రాత్రి అది. ఇక్కడా కొనేవారు జాగ్రత్త పడాలి. గొన్సాల్వెస్ పొరపాటున కొలంబియా మైకు వదిలి వాయిస్ ఆఫ్ అమెరికా మైకు ముందు నిలబడ్డారు. కొలంబియా వేసిన ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించినది. రెండు టేపులూ కలిపి అసలు కచేరీని 1999లో రెండు సీడీలుగా విడుదల చేశారు. కొంటే అదే కొనాలి. ఎలింగ్టన్ బృందం 1963లో అమెరికా ప్రభుత్వం తరఫున భారత్ సహా ఆసియా దేశాలు తిరిగింది. ఆ యాత్ర తలపులతో వచ్చిన 'ఫార్ ఈస్ట్ సూట్'లో ఢిల్లీ గోరువంక ఒకటి క్లారినెట్‌లో కూస్తుంది.

పియానో లేకుండా నలుగురే నిలబడి వాయించిన ఆర్నెట్ కోల్‌మన్ 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' కూడా 1959దే. మొదట గందరగోళంగా ఉంటుంది. కార్నెట్ డాన్ చెరీ, బేస్ చార్లీ హేడెన్ అన్న పేర్లు గుర్తుపెట్టుకుని 'లోన్లీ వుమన్' నాలుగుసార్లు వింటే దారి కనబడుతుంది. హేడెన్ బేస్ మళ్లీ 1971లో ఆలిస్ కోల్‌ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద'లో ఒక పాటకు వినిపిస్తుంది. భర్త పోయాక స్వామి సచ్చిదానంద బోధలను ఆశ్రయించిన ఆలిస్ తంబురా శ్రుతి మీద హార్ప్ వాయించారు. పక్కన ఫెరో శాండర్స్ శాక్సోఫోన్. భారతీయ వాసన పూసుకున్న నాటి పాశ్చాత్య రికార్డుల్లో చాలావాటికి కాలం చెల్లింది. దీనికి చెల్లలేదు. తంబురాను అలంకారంగా కాక ఆధారంగా వాడుకోవడమే కారణం.

చివరిగా ఒక్క గొలుసు. మింగస్ కాండిడ్ రికార్డులో శాక్సోఫోన్ వాయించిన ఎరిక్ డాల్ఫీ 1964లో 'అవుట్ టు లంచ్' చేసి, నాలుగు నెలలకే బెర్లిన్‌లో మధుమేహం గుర్తించక మరణించారు. ఆ రికార్డులో డ్రమ్స్ 18 ఏళ్ల టోనీ విలియమ్స్. అప్పటికే డేవిస్ కొత్త బృందంలో ఉన్న విలియమ్స్ 1969లో సొంత బృందం కోసం ఇంగ్లండ్ నుంచి జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటార్ వాద్యకారుణ్ని పిలిపించుకున్నారు. వచ్చిన రోజుల్లోనే అతణ్ని డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డింగ్‌కు కూర్చోబెట్టారు. మెక్‌లాఫ్లిన్ అమెరికాలోనే ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం పెట్టారు. 1976లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ కచేరీ రికార్డింగ్. వేగం మీద వ్యామోహం కాస్త ఎక్కువే, అయినా కొనదగ్గది. 1990ల చివర్లో అది 'రిమెంబర్ శక్తి'గా తిరిగి లేచినప్పుడు మెక్‌లాఫ్లిన్ పక్కన చేరింది పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్. ఈ బృందానిది 2001 నాటి 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' ఎక్కువ మంది దగ్గర ఉంటుంది. అతిథులు ఎక్కువై అందులో శ్రీనివాస్‌కు చోటు తగ్గింది. అంతకు ముందు ఏడాది వచ్చిన 'ద బిలీవర్' కొనాలి. మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్, జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్, అంతే, నలుగురు. గిటార్ ఒక పల్లవి విసిరితే మాండలిన్ దాన్ని గమకంతో మడిచి తిరిగి ఇచ్చేటప్పుడు మెక్‌లాఫ్లిన్ ఒక్క క్షణం వాయించడం ఆపేసి వింటున్నట్టు తెలుస్తుంది.